ఇంటి అవసరానికి తక్కువ ఖర్చులో క్యామ్‌కార్డర్ ఎంచుకోవడం ఎలా

మంచి స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇంట్లో విడిగా ఒక వీడియో కెమెరా అవసరమా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. పిల్లవాడి తొలి అడుగులు, పుట్టినరోజు కేకు కోయడం వంటి ఒకటి రెండు నిమిషాల దృశ్యాలకు, తీసిన వెంటనే వాట్సాప్‌లో బంధువులకు పంపవలసిన వాటికి ఫోనే చాలు. మసక వెలుతురులోనైతే తక్కువ ధర క్యామ్‌కార్డర్ కన్నా నేటి మధ్యస్థాయి ఫోనే చాలాసార్లు మెరుగైన బొమ్మ ఇస్తుంది. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు కనుక ఇక్కడే చెప్పుకోవడం మంచిది. క్యామ్‌కార్డర్ ఫోన్‌ను మించేది ముఖ్యంగా మూడు సందర్భాల్లో: దూరంగా ఉన్న మనిషిని దగ్గరగా చూపవలసినప్పుడు, గంటల తరబడి ఆపకుండా తీయవలసినప్పుడు, తీస్తున్నంతసేపూ ఇంట్లోవారి ఫోన్ ఫోన్‌గానే పనికి రావలసినప్పుడు. ఏడాదిలో ఇలాంటి సందర్భాలు మీ ఇంట్లో నాలుగైదు కూడా రావనుకుంటే ఆ డబ్బు దాచుకోవడమే మేలు. వస్తాయనుకుంటే, ఏ కెమెరా కొనాలన్న ప్రశ్నకు జవాబు పెట్టె మీది అంకెల్లో దొరకదు. మీ ఇంట్లో ఏమి తీస్తారో, ఎక్కడ నిలబడి తీస్తారో అన్నదానిలో దొరుకుతుంది.

తీయబోయేది ముందు, కెమెరా తరువాత

మన ఇళ్లలో వీడియో తీసే సందర్భాలను కాస్త దగ్గరగా చూస్తే ఒక్కొక్కటి కెమెరాను ఒక్కో రకంగా పరీక్షిస్తుందని తెలుస్తుంది. బడి వార్షికోత్సవంలో తల్లిదండ్రులకు వెనుక వరుసల్లో చోటు దొరుకుతుంది, మీ పాప వేదిక మీద రెండో వరుసలో చివర నిలబడుతుంది, వేదిక మీద వెలుగు ఎక్కువగానూ హాలంతా చీకటిగానూ ఉంటుంది. ఇక్కడ కావలసింది బలమైన జూమ్, స్టాండు. అన్నప్రాశన దీనికి పూర్తిగా భిన్నం. చిన్న పూజగదిలో లేదా హాలులో ఒక మూల, చుట్టూ పదిహేనుమంది, మధ్యలో పుస్తకం, కలం, బంగారం, పూలు పేర్చి ఉంటాయి. బిడ్డ వాటివైపు పాకుతూ వెళ్తుంది. నిలబడి పైనుంచి తీస్తే బిడ్డ వీపు, పెద్దల తలలు తప్ప ఏమీ కనబడవు. కెమెరాను నేలకు జానెడు ఎత్తులో పెట్టి, పక్కతెరను పైకి తిప్పి చూసుకుంటూ తీస్తే బిడ్డ ముఖం, చేయి దేనిమీద పడబోతోందన్నది స్పష్టంగా కనబడుతుంది. క్యామ్‌కార్డర్‌కు ఉండే తిరిగే తెర విలువ అక్కడ అర్థమవుతుంది. ఆ ఇరుకులో జూమ్ పనికిరాదు, వెడల్పుగా చూడగలిగే లెన్స్ కావాలి.

పెళ్లిలో పరీక్ష మరొకటి. జీలకర్రబెల్లం పెట్టే ముహూర్తానికి వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. ఆటోఫోకస్ చాలాసేపు ఆ గుడ్డ మీదే నిలుస్తుంది. తెర దించగానే కెమెరా ముఖాలను వెతుక్కోవాలి. నెమ్మదిగా ఫోకస్ పట్టే కెమెరాలో ఆ రెండు మూడు సెకన్లూ మసకగా పోతాయి, మళ్లీ తీద్దామంటే ఆ క్షణం తిరిగి రాదు. ముఖాలను గుర్తుపట్టే సౌకర్యం ఉన్న కెమెరా ఇక్కడ సాయపడుతుంది కానీ, అంతకన్నా నమ్మదగినది ఫోకస్‌ను ఒక దూరం దగ్గర మనమే నిలిపి ఉంచగల మాన్యువల్ ఫోకస్. తక్కువ ధర నమూనాల్లో కూడా ఇది సాధారణంగా మెనూలో ఉంటుంది. కొనేముందు ఎక్కడుందో చూపించమని అడగాలి.

నృత్యం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో అరంగేట్రం రెండు గంటలకు పైగా సాగుతుంది. అమ్మమ్మ చేత పాత పాటలు పాడించుకోవాలన్నా, తాతయ్య చెప్పే కుటుంబ చరిత్ర దాచుకోవాలన్నా బొమ్మ కన్నా గొంతు ముఖ్యం. ఈ చివరి పనికి కెమెరా కొనేవారు తక్కువే గాని, ఇరవై ఏళ్ల తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది బహుశా అదే అవుతుందని నా నమ్మకం. అందుకే ధ్వని సంగతిని ఈ వ్యాసంలో కాస్త ఎక్కువగానే ప్రస్తావిస్తున్నాను.

మీ ఇంట్లో రాబోయే రెండు మూడేళ్లలో జరగబోయే శుభకార్యాలను, పిల్లల కార్యక్రమాలను ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన దూరం, వెలుతురు, నిడివి, ధ్వని అన్న నాలుగు మాటల్లో ఏది కీలకమో గుర్తు పెట్టుకోండి. ఎక్కువ గుర్తులు పడిన దానికే డబ్బు పెట్టాలి.

పెట్టె మీది అంకెలను చదవడం

జూమ్ విషయంలో మోసపోవడం తేలిక. ఆప్టికల్ జూమ్ అంటే లెన్స్ లోపలి అద్దాలు కదిలి దృశ్యాన్ని నిజంగా దగ్గరకు తేవడం; డిజిటల్ జూమ్ అంటే తీసిన బొమ్మ మధ్యభాగాన్ని కత్తిరించి సాగదీయడం. సోనీ హెచ్‌డీఆర్-సీఎక్స్405 నమూనాకు ఆప్టికల్ జూమ్ 30 రెట్లు కాగా, డిజిటల్ జూమ్ 350 రెట్లని కంపెనీ వివరాల్లోనే ఉంటుంది. ఆ రెండో అంకెను పూర్తిగా మరచిపోయి, కెమెరా అందగానే మెనూలో డిజిటల్ జూమ్‌ను ఆపివేయడం మంచి అలవాటు. ఇంటి అవసరాలకు 20 రెట్ల ఆప్టికల్ జూమ్ సరిపోతుంది. 30 ఉంటే పెద్ద హాళ్లలోనూ ఇబ్బంది ఉండదు. అంతకు మించిన జూమ్‌ను చేత్తో పట్టుకుని వాడటం ఎలాగూ సాధ్యం కాదు.

జూమ్‌తో పాటు లెన్స్ ఎంత వెడల్పుగా చూడగలదో తప్పక చూడాలి. దీనిని 35 మి.మీ. లెక్కలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వెడల్పు పెరుగుతుంది. 26 నుంచి 29 మి.మీ. మధ్య మొదలయ్యే లెన్స్ అయితే పూజగదిలో గోడకు ఆనుకుని నిలబడినా పీటల మీద కూర్చున్న దంపతులతో పాటు పురోహితుడు కూడా బొమ్మలో పడతారు. 38, 40 దగ్గర మొదలయ్యే పాత కెమెరాలతో ఇరుకు గదుల్లో చాలా అవస్థ.

మెగాపిక్సెళ్ల సంగతి ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో బొమ్మకు కావలసింది 1920 ను 1080 తో గుణిస్తే వచ్చే సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. 4కే వీడియోకు 3840 ను 2160 తో గుణిస్తే సుమారు 83 లక్షలు. అంటే 4కే వీడియోకు కూడా ఒక్కో బొమ్మలో మిగిలేవి 8 మెగాపిక్సెళ్లకు కాస్త ఎక్కువే తప్ప అంతకు మించి కాదు. ఆన్‌లైన్ దుకాణాల్లో పేరు తెలియని కంపెనీల క్యామ్‌కార్డర్లు చాలా తక్కువ ధరకు 48 మెగాపిక్సెళ్లనీ, 4కే అనీ, 16 లేదా 18 రెట్ల జూమ్ అనీ కనబడుతుంటాయి. వివరాలను చివరివరకు చదివితే ఆ జూమ్ డిజిటల్ జూమ్ అనీ, ఆ మెగాపిక్సెళ్లు లెక్కతో పెంచి చూపినవనీ చాలావాటిలో బయటపడుతుంది. వీటిలో అనేకం ఫోకస్ కదలని చిన్న లెన్స్‌తో వస్తాయి. బహుమతిగా వచ్చిన మైకు, రిమోటు, సంచీ చూసి వాటిని ఎంచుకోవద్దు. అదే డబ్బుకు పేరున్న కంపెనీ పాత కెమెరా కొంటే ఎన్నో రెట్లు మేలు.

బొమ్మ నాణ్యతను నిజంగా నిర్ణయించేవి సెన్సర్ (లెన్స్ వెనుక వెలుగును పట్టి బొమ్మగా మార్చే భాగం) పరిమాణం, లెన్స్, బిట్‌రేటు (ఒక్కో సెకను వీడియోకు నమోదయ్యే సమాచారం). తక్కువ ధర నమూనాల్లో ఎక్కువగా ఉండేది 1/5.8 అంగుళాల సెన్సర్. పగటి వెలుగులో, దీపాలు బాగా ఉన్న వేదిక మీద అది చక్కగా పనిచేస్తుంది. రాత్రి పెరట్లో, ఒకే బల్బు వెలుగుతున్న గదిలో బొమ్మ నిండా గరుకుచుక్కలు నిండుతాయి. సోనీ ఎఫ్‌డీఆర్-ఏఎక్స్53 వంటి పై తరగతి నమూనాలో సెన్సర్ 1/2.5 అంగుళాలు, వైశాల్యంలో దాదాపు ఐదు రెట్లు పెద్దది. ధరలో తేడా కూడా అంత పెద్దదే. బడ్జెట్ తక్కువైనవారు పెద్ద సెన్సర్ కోసం అప్పు చేయనక్కరలేదు. గదిలో ట్యూబులైట్లన్నీ వేసి, ఒక మంచి ఎల్‌ఈడీ దీపాన్ని గోడవైపు తిప్పి పెట్టి వెలుగు పరచుకునేలా చేస్తే చిన్న సెన్సర్ కెమెరా కూడా తన శక్తి మేరకు మంచి బొమ్మ ఇస్తుంది.

4కే కావాలా అన్నదానికి నా అభిప్రాయం ఇది: పరిమితమైన డబ్బులో చౌక 4కే కన్నా మంచి లెన్స్ ఉన్న ఫుల్ హెచ్‌డీ కెమెరానే తీసుకోవాలి. 4కే ఫైళ్లకు పెద్ద కార్డులు, పెద్ద హార్డ్‌డిస్కు, వేగమైన కంప్యూటరు అన్నీ వరుసగా కావలసి వస్తాయి. అయితే ఫుల్ హెచ్‌డీలో 50ఐ, 50పీ అని రెండు రకాలుంటే ఎప్పుడూ 50పీ ఎంచుకోవాలి. 50పీలో సెకనుకు 50 పూర్తి బొమ్మలు నమోదవుతాయి; 50ఐలో ఒక్కో బొమ్మను సగం గీతలుగా విడదీసి నమోదు చేయడం వల్ల, కంప్యూటర్లో చూసేటప్పుడు వేగంగా కదిలే చేతులు, జడలు అంచుల దగ్గర పళ్లు పళ్లుగా కనబడతాయి.

కదలిక, ధ్వని

30 రెట్ల జూమ్ దగ్గర మీ ఊపిరికి కూడా బొమ్మ ఊగుతుంది. అందుకే స్థిరీకరణ సౌకర్యం ఆప్టికల్ రకమా, ఎలక్ట్రానిక్ రకమా అన్నది తప్పక అడగాలి. ఆప్టికల్ రకంలో లెన్స్ భాగాలే చేతి వణుకుకు ఎదురుగా కదులుతాయి. ఎలక్ట్రానిక్ రకంలో బొమ్మ అంచులను కత్తిరించి సర్దుతారు కనుక దృశ్యం కొంత ఇరుకవుతుంది, వెలుతురు తక్కువైతే మసక కూడా వస్తుంది. ఏదైనా సరే, వార్షికోత్సవానికీ అరంగేట్రానికీ ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) లేకుండా వెళ్లవద్దు. ఫోన్ల కోసం చేసిన పల్చటి ట్రైపాడ్ కాకుండా, తల భాగం మెత్తగా అటూ ఇటూ తిరిగే వీడియో ట్రైపాడ్ తీసుకోవాలి. నాట్యం చేసే అమ్మాయి వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తున్నప్పుడు కుదుపు లేకుండా వెంట తిప్పగలిగేది అదే.

ధ్వని దగ్గరకు వస్తే, తక్కువ ధర నమూనాల అసలు బలహీనత ఇక్కడే. పైన చెప్పిన సీఎక్స్405 కు బయటి మైకు పెట్టుకునే రంధ్రం లేదు, హెడ్‌ఫోన్ రంధ్రమూ లేదు. కెమెరాలోని మైకు దగ్గరి చప్పుళ్లను ముందు పట్టుకుంటుంది: మీ పక్కన కూర్చున్నవారి మాటలు, పైన తిరిగే ఫ్యాను, కెమెరా మీద జరిగే మీ వేళ్లు. పెళ్లిలో నాదస్వరం, డోలు మొదలైనప్పుడు ధ్వని స్థాయిని తానే సర్దుకునే ఏర్పాటు ఒక్కసారిగా గొంతు తగ్గిస్తుంది. గట్టిమేళం ఆగాక మంత్రాలు మళ్లీ వినబడటానికి కొన్ని క్షణాలు పడుతుంది. 3.5 మి.మీ. మైకు రంధ్రం ఉన్న నమూనా దొరికితే, ఫోన్‌కు వాడే చౌక కాలరు మైకు కూడా సరైన పిన్నుతో ఎంతో ఉపయోగపడుతుంది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం: ఫోన్ కోసం చేసిన మైకు పిన్నుకు మూడు నల్ల గీతలుంటాయి, కెమెరా కోసం చేసినదానికి రెండే ఉంటాయి, మొదటి రకాన్ని నేరుగా పెడితే ధ్వని సరిగా నమోదు కాకపోవచ్చు. కొద్దిపాటి ధరకు దొరికే మార్పు పిన్ను ఈ సమస్యను తీరుస్తుంది.

మైకు రంధ్రం లేని కెమెరానే కొనవలసి వస్తే నిరాశ పడనక్కరలేదు. పాడుతున్న అమ్మమ్మ ఒడిలోనో, పక్కన బల్ల మీదనో ఫోన్ పెట్టి అందులో ధ్వనిని విడిగా నమోదు చేయవచ్చు. మొదట్లో కెమెరా ముందు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టిస్తే, తరువాత కంప్యూటర్లో ఆ చప్పుడు దగ్గర రెండింటినీ కలపడం సులువవుతుంది.

కార్డు, బ్యాటరీ, ఫైళ్లు

కెమెరా ధర ఒక్కటే ఖర్చు కాదు. బడ్జెట్‌లో కనీసం నాలుగో వంతును కార్డు, అదనపు బ్యాటరీ, ట్రైపాడ్, హార్డ్‌డిస్కుల కోసం ముందే పక్కన పెట్టాలి. చాలామంది మొత్తం డబ్బు కెమెరాకే పెట్టి, ఉచితంగా వచ్చిన కార్డుతో మొదటి శుభకార్యానికి వెళ్తారు.

ఏ కార్డు కొనాలో బిట్‌రేటు చెబుతుంది. సెకనుకు 28 మెగాబిట్ల ఏవీసీహెచ్‌డీ (క్యామ్‌కార్డర్లు వీడియోను కార్డులో దాచే ఒక పద్ధతి) రకంలో గంట వీడియోకు సుమారు 12.6 జీబీ పడుతుంది. 50 మెగాబిట్లయితే 22.5 జీబీ, 100 మెగాబిట్ల 4కే అయితే 45 జీబీ. 64 జీబీ కార్డులో 50 మెగాబిట్ల వీడియో రెండున్నర గంటలకు పైగా పడుతుందన్న మాట. ఒక అరంగేట్రానికి ఇది సరిపోతుంది, ఒక పెళ్లికి చాలదు. కార్డు మీది వేగం గుర్తులు చూసి, ఫుల్ హెచ్‌డీకి క్లాస్ 10 లేదా యూ1 గుర్తు, 4కే కు యూ3 లేదా వీ30 గుర్తు ఉన్న ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు తీసుకోవాలి. నకిలీ కార్డులు విరివిగా దొరుకుతున్నాయి. పైన 128 జీబీ అని రాసి ఉన్నా లోపల చోటు అందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. అవి నిండేదాకా బాగానే పనిచేసి, ఆ తరువాత తీసినదంతా పాడుచేస్తాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత పరీక్ష ప్రోగ్రాముతో కార్డును పూర్తిగా నింపి, తిరిగి చదివించి చూసుకున్నాకే వాడటం క్షేమం. ఒక పెద్ద కార్డు కన్నా రెండు మధ్యరకం కార్డులు నయం. ఒకటి చెడినా సగమైనా మిగులుతుంది.

బ్యాటరీ విషయంలో అడగవలసినవి రెండే. ఆ నమూనాకు కంపెనీ బ్యాటరీ ఇప్పటికీ దొరుకుతోందా? తీస్తూ ఉండగానే యూఎస్‌బీ ద్వారా, అంటే పవర్ బ్యాంకుతో కెమెరా నడుస్తుందా? రెండోదానికి జవాబు అవును అయితే, మూడు గంటల కార్యక్రమం కూడా ఖర్చు లేకుండా గట్టెక్కుతుంది. విమానంలో వెళ్లేవారు అదనపు లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో కాక చేతిసంచిలోనే పెట్టుకోవాలి.

ఏవీసీహెచ్‌డీ అనేది 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ప్రకటించిన పద్ధతి. ఇందులో వీడియోలు కార్డులో చాలా లోతైన ఫోల్డర్లో ఎమ్‌టీఎస్ ఫైళ్లుగా ఉంటాయి, సుదీర్ఘమైన రికార్డింగు ముక్కలు ముక్కలుగా విడిపోయి కనబడుతుంది. ఆ ముక్కలను మాత్రమే విడిగా కాపీ చేసి కార్డు చెరిపేస్తే, అతుకుల దగ్గర మాట తెగడం, తేదీ వివరాలు పోవడం వంటి ఇబ్బందులు వస్తాయి. అందుచేత కార్డులోని మొత్తం ఫోల్డరును అలాగే హార్డ్‌డిస్కులోకి ఎత్తాలి. రెండో ప్రతి కూడా చేసుకుని, దాన్ని వేరే ఇంట్లో, వీలైతే వేరే ఊళ్లోని తోబుట్టువు దగ్గర ఉంచాలి. రెండు ప్రతులూ తెరిచి చూసేదాకా కార్డును చెరపకూడదు.

ఏ నమూనాలను వెతకాలి

ఫోన్లు వచ్చాక కంపెనీలు కుటుంబాల కోసం చేసే క్యామ్‌కార్డర్లను బాగా తగ్గించాయి. అందువల్ల కొత్తవాటిలో ఎంపిక పరిమితం, వాడినవాటిలో ఎంపిక విస్తారం. 2015లో వచ్చిన సోనీ సీఎక్స్405 కు 26.8 మి.మీ. వెడల్పు లెన్స్, ఆప్టికల్ స్థిరీకరణ, 50 మెగాబిట్ల రికార్డింగు ఉన్నాయి. ధ్వని విషయంలో రాజీ పడగలవారికి అది మంచి ఎంపిక. పానసోనిక్ హెచ్‌సీ-వీ180 కు 28 మి.మీ. దగ్గర మొదలై 50 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది, పెద్ద మైదానాల్లో పిల్లల ఆటలు తీసేవారికి అది అనుకూలం. కానన్ లెగ్రియా హెచ్‌ఎఫ్ ఆర్806 కు 32 రెట్ల ఆప్టికల్ జూమ్‌తో పాటు మైకు, హెడ్‌ఫోన్ రంధ్రాలు రెండూ ఉన్నాయి. ధ్వనికి ప్రాధాన్యమిచ్చేవారు వాడిన వస్తువుల్లో మొదట దీనిని వెతకాలని నా సలహా. వాడినదే అయినా ఇంకొంత ఖర్చు పెట్టగలిగితే సోనీ ఏఎక్స్53 ఇంటి అవసరాలన్నింటినీ తీర్చగలదు. ధరలు ఊరినీ, నెలనూ, వస్తువు స్థితినీ బట్టి మారతాయి కనుక కనీసం మూడు చోట్ల అడిగి చూడాలి. హైదరాబాదు వారికి కోఠి కెమెరా దుకాణాలు ఈ పనికి ఇప్పటికీ అనువైనవే.

టేపుతో పనిచేసే మినీడీవీ కెమెరాలు చాలా చవగ్గా దొరుకుతాయి. కొత్తగా తీయడానికి వాటిని కొనవద్దు. ఇంట్లో పాత టేపులు ఉన్నవారు మాత్రం వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఒకటి సంపాదించుకోవచ్చు. ఆ పని ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, టేపుకు బూజు పడితే తిరిగి పొందడం కష్టం.

అమెరికాలో ఉన్న పిల్లలో, అన్నదమ్ములో కెమెరా తెస్తామన్నప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి నమూనాలు సాధారణంగా సెకనుకు 60 బొమ్మల పద్ధతిలోనే తీస్తాయి, చాలావాటిలో 50కి మార్చుకునే వీలుండదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల ట్యూబులైట్లు, కొన్ని ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఈ రెండూ పొసగక వీడియోలో గోడల మీద వెలుగు అలలు అలలుగా కదులుతుంది. షటర్ వేగాన్ని (ఒక్కో బొమ్మకు వెలుగు పడే సమయాన్ని) చేత్తో సెకనులో 1/50 లేదా 1/100 వంతు దగ్గర పెట్టగలిగే నమూనా అయితే ఇబ్బంది తీరుతుంది; ఆ వీలు లేని కెమెరాను అక్కడి నుంచి తెప్పించుకోవద్దు. వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నది కూడా కొనకముందే కనుక్కోవాలి. అలాగే ఇక్కడి దుకాణాల్లో బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. జీఎస్టీ బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు లేకపోతే సర్వీసు కేంద్రంలో మీ మాటకు విలువ ఉండదు.

చేతిలోకి తీసుకుని చూడటం

దుకాణానికి మీ సొంత కార్డు, ఫోన్ టార్చి, చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోన్, వీలైతే ఇంట్లో కెమెరా వాడబోయే మరొక మనిషిని వెంట తీసుకుని వెళ్లండి. కుటుంబ కెమెరాను ఒక్కరే వాడరు. పట్టీలో అమ్మ చేయి సరిగా ఇముడుతుందా, జూమ్ మీట అందుతుందా, మెనూ నాన్నగారికి కళ్లద్దాలతో కనబడుతుందా అన్నది పెట్టె మీద రాసి ఉండదు.

మొదట జూమ్‌ను పూర్తిగా చివరికి తీసుకెళ్లి వీధికి అవతలి బోర్డు మీద నిలిపి అర నిమిషం చేత్తో పట్టుకుని తీయాలి. తరువాత దుకాణంలో చీకటిగా ఉన్న మూలను, వెంటనే వెలుగుగా ఉన్న గుమ్మాన్ని తీసి, వెలుతురు మార్పుకు కెమెరా ఎంత త్వరగా సర్దుకుంటుందో చూడాలి. మీ చేతిని లెన్స్ ముందు అడ్డుపెట్టి తీసేస్తే అడ్డుతెర పరీక్ష అక్కడే అయిపోతుంది. నిశ్శబ్దంగా ఉండి జూమ్ కదిలిస్తూ తీసి, హెడ్‌ఫోన్‌లో వింటే మోటారు గరగర ఎంత వస్తుందో తెలుస్తుంది. హెడ్‌ఫోన్ రంధ్రం లేని కెమెరా అయితే కార్డును ఇంటికి తెచ్చి టీవీలో చూసుకున్నాకే నిర్ణయం చెప్పాలి.

వాడిన కెమెరాను మరింత జాగ్రత్తగా చూడాలి. లెన్స్ మూత తెరిచి ఉంచి, ఫోన్ టార్చిని లెన్స్‌కు ఏటవాలుగా పట్టుకుని, కెమెరాను మెల్లగా తిప్పుతూ లోపలికి చూడండి. పైన ఉన్న దుమ్ము చుక్కలుగా కనబడుతుంది, అది పెద్ద నష్టం కాదు. లోపలి అద్దం మీద సాలెగూటి పోగుల్లా తెల్లగా, కొమ్మలు కొమ్మలుగా విస్తరించి కనబడితే అది ఫంగస్. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తేమ ఎక్కువ ఉండే తీరప్రాంతాల్లో బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్న కెమెరాల్లో దీన్ని ప్రత్యేకంగా వెతకాలి. ఫంగస్ ఉన్నది ఎంత చవకైనా వద్దు. తరువాత మూత వేసి చీకట్లో ఒక నిమిషం తీసి, పెద్ద తెర మీద చూస్తే ఒకేచోట కదలకుండా మెరిసే చుక్కలు సెన్సర్ లోపాన్ని బయటపెడతాయి. పక్కతెరను పదిసార్లు తెరిచి మూసి, తిప్పి చూడాలి. లోపలి పట్టీ తెగడం వల్ల తెర మినుకుమినుకుమనడం పాత క్యామ్‌కార్డర్లలో తరచు వచ్చే లోపం. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉంటే దాన్ని ఛార్జింగ్ పెట్టవద్దు, కొత్త బ్యాటరీ ధరను అడిగిన ధరలోంచి తగ్గించుకుని బేరమాడాలి.

కొన్నాక, తిప్పి ఇచ్చే గడువు ముగిసేలోపు ఇంట్లోనే ఒకసారి పూర్తి పరీక్ష చేయాలి. తేదీ, సమయం సరిచేయండి. నెలల తరబడి వాడకపోతే కెమెరా లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి గడియారం వెనక్కి వెళ్తుంది కనుక ప్రతి శుభకార్యానికి ముందు ఇది మళ్లీ చూసుకోవాలి. పూర్తిగా ఛార్జి చేసిన బ్యాటరీతో కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, బ్యాటరీ అయిపోయేదాకా ఆపకుండా తీయనివ్వండి. ఎంతసేపు వచ్చిందో బ్యాటరీ మీదే పెన్నుతో రాసి పెట్టుకోండి. ఆ రికార్డింగును హార్డ్‌డిస్కులోకి ఎత్తి, మొదలు, మధ్య, చివర తెరిచి, ముక్కలు కలిసే చోట మాట తెగకుండా వస్తోందేమో వినండి. కెమెరాను వాడని రోజుల్లో బ్యాటరీని సగం ఛార్జితో విడిగా తీసి, రెండింటినీ సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, వర్షాకాలంలో పొట్లాలను మారుస్తూ ఉండాలి.